పెగ్గులు బిగించుకోవడానికి పట్టిన పదకొండు వారాలు

హైదరాబాద్ చర్లపల్లి పారిశ్రామికవాడలో మా చిన్నాయన గోదాం వెనుక, వానకు బస్తాలు తడవకుండా పేర్చుకోవడానికి ఎప్పుడో కట్టించిన ఒక సిమెంటు గట్టు ఉంది. అడుగు ఎత్తు, పదహారు అడుగుల పొడవు ఉండే ఆ గట్టు అంచుకు సగం దూరం వరకు ఇనుప ఎల్-యాంగిల్ బిగించి ఉంది. మిగతా సగంలో యాంగిల్ ఊడిపోయి గరుకు సిమెంటు బయటపడింది. 2024 నవంబరు 3, ఆదివారం ఉదయం, విన్యాసాలకు వాడే నా చిన్న బీఎంఎక్స్ సైకిలుతో ఆ గట్టు ఎక్కి దిగుతూ ఉండగా, చక్రాలతో కాకుండా ఇరుసు కొసకు బిగించే పెగ్గులనే చిన్న గొట్టాలతో ఆ అంచు వెంట ఈ కొస నుంచి ఆ కొస దాకా జారాలన్న కోరిక నాకు కలిగింది. సైకిలు కుర్రాళ్లు గ్రైండింగ్ అని పిలిచే ఆ ఒక్క పనికి కావలసిన రెండు గొట్టాలను ఎంచుకొని, తెప్పించి, సరిగా బిగించుకొనేసరికి 2025 జనవరి 19 వచ్చింది. ఆ పదకొండు వారాలలో ఖర్చయిన డబ్బులో కొంత, కాలంలో చాలా భాగం, ముందే ఎవరైనా చెప్పి ఉంటే నాకు మిగిలేవి. అందుకే జరిగింది జరిగినట్లు రాస్తున్నాను.

నా సైకిలు కొత్తది కాదు. పైచదువుకు విదేశం వెళ్తున్న ఒక విద్యార్థి దగ్గర జులైలో రూ. 22,000కు కొన్నాను. ఇరవై అంగుళాల చక్రాలు, క్రోమోలీ అనే మిశ్రమ ఉక్కు ఫ్రేము, కుడివైపు గొలుసు, వెనుక చక్రానికి మాత్రమే బ్రేకు, పెగ్గులు లేవు. నాకు ముప్పై ఒక్క ఏళ్లు. సికింద్రాబాద్‌లో ఒక ప్రైవేటు కార్యాలయంలో లెక్కలు చూసే ఉద్యోగం నాది. వారాంతంలో తప్ప సైకిలు ముట్టుకొనే వీలు లేదు. వీడియోలలో నేను చూసినవారందరికీ నాలుగు పెగ్గులు, అవీ ఉక్కువి ఉండేవి. పెగ్గు అంటే పెగ్గే అని, తేల్చుకోవలసింది రెండు కొనాలా నాలుగు కొనాలా అన్నది మాత్రమేనని అనుకున్నాను.

నవంబరు 9, శనివారం నాడు కోఠి దగ్గరి ఈసామియా బజారుకు వెళ్లాను. సైకిలు దుకాణాలు వరుసగా ఉండే ఆ వీధిలో ఆరు దుకాణాలు తిరిగితే, నాలుగింటిలో నేనేమి అడుగుతున్నానో అర్థం కాలేదు. వెనుక ఇరుసుకు బిగించి స్నేహితుణ్ణి నిలబెట్టుకొనే రాడ్లా అని అడిగారు. ఐదో దుకాణంలో రంగు వేసిన అల్యూమినియం గొట్టాలు జత రూ. 650కి దొరికాయి. చూడటానికి వీడియోలో ఉన్నట్లే ఉన్నాయి. ఇంటికి వచ్చి బిగించబోతే అవి ముందు ఇరుసుకు పట్టాయి గాని, వెనుక ఇరుసుకు అసలు ఎక్కలేదు. బీఎంఎక్స్‌లో వెనుక ఇరుసు 14 మిల్లీమీటర్ల లావు ఉంటుందనీ, ముందు ఇరుసు చాలా సైకిళ్లలో 10 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువైన మూడు బై ఎనిమిది అంగుళాలదనీ, మామూలు సైకిళ్ల కోసం చేసిన ఆ గొట్టాల రంధ్రం ఆ చిన్న ఇరుసుకే సరిపోతుందనీ ఆ రాత్రి తెలుసుకున్నాను. నిజమైన గ్రైండింగ్ పెగ్గుకు 14 మిల్లీమీటర్ల రంధ్రం ఉండి, ముందు ఇరుసుకు వాడేటప్పుడు లోపల పెట్టడానికి ఒక చిన్న ఉంగరం వంటి రింగు వెంట వస్తుంది. దుకాణానికి వెళ్లేముందు ఇరుసు లావు కొలిచి చూసుకుంటే ఆ రోజంతా తిరగవలసిన పని ఉండేది కాదు.

అక్కడితో ఆగవలసింది, కాని ఆగలేదు. నవంబరు 10 ఉదయం ముందు చక్రానికి ఎడమవైపు ఒక్క అల్యూమినియం గొట్టం బిగించి, వెనుక చక్రం గట్టుపై దొర్లుతూ ఉండగా ముందు పెగ్గు అంచు మీద జారేలా ప్రయత్నించాను. దాన్ని స్మిత్ గ్రైండ్ అంటారనీ, అది మొదటగా నేర్చుకొనేది కాదనీ నాకు తెలియదు. గొట్టం గరుకు సిమెంటును తాకిన మరుక్షణం, వెనుక నుంచి ఎవరో పట్టి లాగినట్లు సైకిలు ఆగిపోయింది. నేను హ్యాండిల్ మీదుగా కింద పడ్డాను. మోచేయి వాచింది. ఈసీఐఎల్ దగ్గర ఎక్స్‌రే తీయించుకుంటే రూ. 450 అయింది, ఎముకకు ఏమీ కాలేదన్నారు. ఎక్స్‌రే కాగితం కోసం ఎదురుచూసిన ఆ నలభై నిమిషాల సేపు, ఇంట్లో అమ్మకు ఏమని చెప్పాలో అన్న ఆలోచన తప్ప నాకు మరో ఆలోచన రాలేదు. తరువాత గొట్టాన్ని విప్పి చూస్తే, అల్యూమినియం మెత్తన కాబట్టి సిమెంటులోని ఇసుక గింజలు దాన్ని చెక్కేసి గాట్లు పెట్టాయి. అది నిలబడటానికి చేసిన వస్తువు. జారడానికి చేసినది కాదు.

నవంబరు 17న చేతికి కట్టుతోనే, నగరానికి పడమటి వైపున్న ఒక స్కేట్ పార్కుకు చూడటానికి మాత్రమే వెళ్లాను. అక్కడ పరిచయమైన ఇంజినీరింగ్ విద్యార్థి ఒకడు వయసులో నాకంటే పదేళ్లు చిన్నవాడు, సైకిలు మీద మాత్రం నాకంటే ఎంతో పెద్దవాడు. అల్యూమినియం గొట్టం సంగతి చెప్పగానే అతను నవ్వలేదు. నేరుగా ఒక ప్రశ్న అడిగాడు. "అన్నా, ముందుగాల నీ సైడ్ ఏదో తెల్సుకున్నవా? గట్టు నీకు ఎడమ దిక్కు ఉంటె మంచిగనిపిస్తదా, కుడి దిక్కా?" నేను ఆ మాటే ఆలోచించలేదు. అతను పార్కులో ఒక తక్కువ ఎత్తు గట్టు పక్కగా నన్ను ఒంటి చేత్తోనే నెమ్మదిగా పదిసార్లు నడిపించాడు. ఐదుసార్లు గట్టు ఎడమన ఉండేలా, ఐదుసార్లు కుడిన ఉండేలా. కుడిన ఉన్నప్పుడు నా భుజాలు బిగుసుకొని, నాకు తెలియకుండానే గట్టుకు దూరంగా జరిగిపోతున్నాను. ఎడమన ఉన్నప్పుడు నా తల దానంతట అదే గట్టు చివరికి తిరుగుతోంది. గొలుసు కుడివైపు ఉంది కనుక, ఎడమవైపు గట్టును ఇష్టపడటం నా అదృష్టమని అతను చెప్పాడు. కుడివైపు జారేవారి సైకిలుకు గొలుసు కుడివైపే ఉంటే, వెనుక చిన్న పళ్ల చక్రమూ గొలుసూ పెగ్గుతో పాటు గట్టు అంచుకు తగులుతాయి. వారు ఆ వైపుకు కూడా రక్షణ పలక బిగించుకోవాలి, లేదా గొలుసు ఎడమవైపు ఉండే హబ్, అంటే చక్రం నడిమి భాగం, కొనుక్కోవాలి. నాకు నాలుగు పెగ్గులు అవసరం లేదని, ఎడమవైపు రెండు చాలని ఆ మధ్యాహ్నమే తేలిపోయింది. కొనవలసినది ఒక్కసారిగా సగానికి తగ్గింది.

ఆ రోజు నేను గమనించిన మరో సంగతి ఏమిటంటే, పార్కులో వాలులు ఎక్కి గాలిలోకి లేచి తిరిగేవారి సైకిళ్లలో చాలావాటికి పెగ్గులే లేవు. టోక్యో ఒలింపిక్స్‌లో బీఎంఎక్స్ ఫ్రీస్టైల్ పోటీలు 2021లో మొదటిసారి జరిగినప్పుడు నేను కళ్లార్పకుండా చూశాను. అయినా ఆ సైకిళ్ల ఇరుసుల వైపు నా చూపు పోలేదు. గాలిలో సైకిలును చుట్టూ తిప్పేవారికి ప్రతి వంద గ్రాములూ బరువే. పైగా వాలు పైఅంచున ఉండే ఇనుప పైపుకు పెగ్గు తగులుకుంటే ప్రమాదం. మట్టి దిబ్బల మీద దూకేవారికి, రేసులు తొక్కేవారికి పెగ్గుతో పనే లేదు. వీధి గట్లు, మెట్లు, రెయిలింగులు వెతుక్కొని తిరిగే స్ట్రీట్ వారికే అది ప్రాణం. నేను వీటిలో ఏ తొక్కుడు తొక్కుతున్నానో నాకే స్పష్టంగా తెలియకుండా సామాను కొనడానికి బయలుదేరాను.

పెగ్గులు తప్పనిసరైన మరొక తొక్కుడు కూడా ఉంది. తరువాతి వారం తెల్లవారుజామున నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజా దగ్గర, నున్నటి నేల మీద ఒంటి చక్రంపై గుండ్రంగా తిరుగుతున్న ఒక యువకుణ్ణి కలిశాను. ఫ్లాట్‌ల్యాండ్ అంటారు దాన్ని. ఆయన సైకిలుకు నాలుగు పెగ్గులు, నాలుగూ అల్యూమినియంవే. పైన చేతికి తగిలే సన్నటి గరుకు గీతలు ఉన్నాయి. ఆయన వాటిపై నిలబడతాడు, ఒకదాని మీది నుంచి మరొకదాని మీదికి పాదం మారుస్తాడు; బూటు జారకపోవడమే వాటి గుణం. నాకు కావలసింది సరిగ్గా దానికి తలకిందులు. "ఇవి గట్టు మీద పెట్టినవంటే రెండు రోజులు కూడ ఆగవు అన్నా" అని ఆయనే చెప్పాడు. నా మోచేతిని చూపించాను. ఆయనకు వెంటనే అర్థమైంది.

ఇక మిగిలింది ఉక్కా, ప్లాస్టిక్కా అన్న ప్రశ్న. ప్లాస్టిక్ పెగ్గు అంటే మొత్తం ప్లాస్టిక్ కాదు. లోపల లోహపు గొట్టం, దానిపై నైలాన్ వంటి గట్టి ప్లాస్టిక్ తొడుగు. నవంబరు 24న స్కేట్ పార్కులో కలిసిన ఆ ఇంజినీరింగ్ విద్యార్థి తన ఉక్కు పెగ్గుల సైకిలుతోనూ, ప్లాస్టిక్ పెగ్గులు బిగించిన స్నేహితుడి సైకిలుతోనూ చర్లపల్లికి వచ్చాడు. నాకు ఇంకా జారడం రాదు కాబట్టి అతను నేర్పిన ఉపాయం ఇది: సైకిలును చేతులతో ఎత్తి రెండు పెగ్గులనూ గట్టు అంచున ఆనించి, సీటు మీద ఒక చేయి, హ్యాండిల్ మీద ఒక చేయి వేసి, ఒంటి బరువంతా మోపి ముందుకు తోయాలి. కింద పడే భయం లేకుండా ఏ పెగ్గు ఏ గట్టు మీద ఎలా నడుస్తుందో అరచేతులకే తెలిసిపోతుంది. కొనబోయే ప్రతివారూ ముందు ఇది చేసి చూడాలని నేను గట్టిగా చెబుతాను.

యాంగిల్ ఊడిన గరుకు సిమెంటు భాగంలో ఉక్కు పెగ్గులు జానెడు కూడా కదలలేదు. కొవ్వొత్తి రుద్దిన తరువాత మూడడుగులు కదిలి మళ్లీ ఆగాయి. అదే చోట మైనం లేకుండానే ప్లాస్టిక్ పెగ్గులు సర్రున సాగిపోయాయి. ఇనుప యాంగిల్ ఉన్న భాగంలో కథ మారింది: ఉక్కు నిలకడగా, ఎక్కడ ఆపాలంటే అక్కడ ఆగేలా నడిచింది, ప్లాస్టిక్ నా చేతుల్లోంచి జారిపోయేంత వేగంగా పోయింది. అక్కడి నుంచి, అనుమతి తీసుకొని, పక్క గోదాం ఆఫీసు ముందున్న నున్నటి గ్రానైటు అరుగు మీదా, తాండూరు బండ పరచిన మెట్టు మీదా చూశాము. మెరుగు పెట్టిన గ్రానైటు మీద కాస్త మైనం ఉంటే ఉక్కు హాయిగా జారుతుంది; ఆ ఖంగుమనే చప్పుడు వినడానికే కొందరు ఉక్కును వదలరు. తాండూరు బండ అంచు మాత్రం పొరలు పొరలుగా పెచ్చులూడేలా ఉంది. ఉక్కు పెగ్గును దానిపై మోపి రెండు అంగుళాలు తోయగానే సన్నటి పెచ్చు లేచింది. వెంటనే ఆపేసి, అరుగు యజమానికి చూపించి క్షమాపణ చెప్పాను. మన నగరంలో ఎక్కడ చూసినా కనిపించే ఆ రాతి మెట్లు పెగ్గులకు పనికిరావని, పనికి తెచ్చుకోవాలని చూడటం కూడా తప్పేనని అప్పుడు అనిపించింది. సాయంత్రం పూట ముసలివాళ్లు కూర్చొనే అరుగుకు మైనం పూయడం కూడా అంతే. మర్నాడు ఉదయం అక్కడ కాలు జారేది మరొకరికి.

నేను నెలలో ఎక్కువసార్లు తొక్కేది చిన్నాయన గట్టు మీదే. అందులో సగం గరుకు సిమెంటు. పైగా ఆదివారం ఉదయం ఆరు గంటలకు ఉక్కు చేసే చప్పుడుకు పక్క షెడ్డులో రాత్రి డ్యూటీ ముగించి పడుకున్నవారు లేచి వస్తారు. ఈ రెండు కారణాలతో ప్లాస్టిక్ తొడుగు, లోపల క్రోమోలీ గొట్టం ఉన్న పెగ్గులు రెండు కొనాలని నిర్ణయించుకున్నాను. నేను ఎప్పుడూ పార్కులోని ఇనుప రెయిలింగు మీదే జారేవాణ్ణయితే కళ్లు మూసుకొని ఉక్కువే కొనేవాణ్ణి.

నేను చూసిన దేశీయ దుకాణాలలో ఆ రకం సరుకు లేదు. నవంబరు 26 రాత్రి విదేశీ దుకాణంలో ఆర్డరు పెట్టాను: పెగ్గులకు రూ. 3,400, రవాణాకు రూ. 2,150. డిసెంబరు 7న పొట్లం దేశానికి చేరినట్లు సందేశం వచ్చింది. ఆ తరువాత తొమ్మిది రోజులు కదలలేదు. కొరియర్ సంస్థ గుర్తింపు పత్రాలు అడిగింది, పంపాను. వస్తువు ఏమిటో, దేనికి వాడతారో రాసి పంపమంది. సైకిలు ఇరుసుకు బిగించే విడిభాగమని ఒక వాక్యంలో రాస్తే తిరిగి అదే ప్రశ్న వచ్చింది. రెండోసారి, సైకిలు ఫోటో మీద పెగ్గు బిగించే చోట ఎర్ర గీత గీసి పంపిన తరువాత పని ముందుకు సాగింది. సుంకం, కొరియర్ వారి రుసుము కలిపి రూ. 2,310 కట్టాను. పెగ్గుల ధర కంటే వాటిని ఇంటికి చేర్చడానికి ఎక్కువైంది; మొత్తం రూ. 7,860. ఇలాంటిది తెప్పించుకొనేవారు ఫోటోను ముందే సిద్ధంగా ఉంచుకుంటే నాకు పోయిన వారం వారికి మిగులుతుంది.

ఎదురుచూసిన ఆ రోజులు వృథా కాలేదని మాత్రం చెప్పగలను. పెగ్గులు అంచు మీద పడాలంటే రెండు చక్రాలూ ఒకేసారి ఆ ఎత్తుకు లేవాలి. అంటే బన్నీహాప్ రావాలి. గట్టు అడుగు ఎత్తు ఉంటే దూకు దానికి నాలుగు వేళ్లు పైనే ఉండాలని ఆ విద్యార్థి చెప్పాడు. అది రాకుండా పెగ్గులు బిగిస్తే సైకిలుకు బరువు పెరగడం తప్ప మరేమీ జరగదు. డిసెంబరు మొదట్లో పాత అట్టపెట్టె ఒకటి నేల మీద పెట్టుకొని దాని మీదుగా దూకడం సాధన చేశాను. పొట్లం వచ్చేసరికి, పదింట ఏడుసార్లు పెట్టె తగలకుండా దాటగలిగాను.

డిసెంబరు 19, గురువారం నాడు పొట్లం ఇంటికి వచ్చింది. ఒక్కొక్కటి నాలుగున్నర అంగుళాల పొడవు. అమ్మ వంటింటి త్రాసు మీద పెట్టి చూస్తే 178 గ్రాములు. ముందు ఇరుసు కోసం రింగు కూడా ఉంది. ఆ రాత్రి నిద్రపోయే ముందు మంచం పక్కన పెట్టుకొని రెండుమూడు సార్లు చేతిలోకి తీసుకున్నాను. వయసుకు తగని పనిలా తోచవచ్చు; నాకు అలా తోచలేదు.

బిగించడం సులువని అనుకున్నాను. పెగ్గు గొట్టంలా ఉంటుంది కాబట్టి నట్టు దాని అడుగున, మూడు నాలుగు అంగుళాల లోతులో పడుతుంది. మామూలు స్పానర్ అక్కడికి చేరదు. పొడుగాటి సాకెట్, దానికి ఎక్స్‌టెన్షన్ కావాలి: వెనుక నట్టుకు 17, ముందు నట్టుకు 15 మిల్లీమీటర్లవి. డిసెంబరు 21న రాణిగంజ్ వెళ్లి, రెండు సాకెట్లు, ఎక్స్‌టెన్షన్, వాటిని తిప్పే పిడి రాచెట్ కలిపి రూ. 1,480కి కొన్నాను. పెగ్గును వెంట తీసుకుపోవడం మంచిదయింది; దుకాణంలో మొదట ఇచ్చిన సాకెట్ గోడ మందంగా ఉండి పెగ్గులో పట్టలేదు.

ఆ రాత్రే తొందరపడ్డాను. నట్టును వేలితో మొదలుపెట్టడానికి వీలులేక, సాకెట్లో పెట్టి నేరుగా రాచెట్‌తో తిప్పాను. నట్టు వంకరగా పట్టుకొంది. బిగుస్తోందన్న భ్రమలో ఇంకా తిప్పాను. విప్పేసరికి నట్టు లోపలి త్రెడ్ పాడైంది, ఇరుసు కొసన రెండు చుట్లు నలిగాయి. చేయవలసిన పద్ధతి తరువాత తెలిసింది: సాకెట్లో చిన్న కాగితం ముక్క మడిచిపెట్టి నట్టు కదలకుండా నిలపాలి, రాచెట్ తగిలించకుండా సాకెట్‌నూ ఎక్స్‌టెన్షన్‌నూ మునివేళ్లతో పట్టుకొని తిప్పాలి, మూడు నాలుగు చుట్లు ఏ ఇబ్బందీ లేకుండా ఎక్కిన తరువాతే రాచెట్ వాడాలి.

మరునాడు మళ్లీ రాణిగంజ్. 14 మిల్లీమీటర్ల నట్లు బస్తాల కొద్దీ ఉన్నాయి, కాని ఒక్కటీ పట్టలేదు. బజారులో దొరికే 14 నట్టుకు త్రెడ్ ఎడం 2 మిల్లీమీటర్లు. సన్న రకం అడిగితే ఒకటిన్నర. బీఎంఎక్స్ ఇరుసుకు ఒక్క మిల్లీమీటరే. నాలుగు దుకాణాల తరువాత ఒక పెద్దాయన బాలానగర్‌లో లేత్ షాపుకు పొమ్మన్నాడు. డిసెంబరు 28న వెళితే, అక్కడి టర్నర్ నట్టును దీపం కింద తిప్పి చూసి, "ఇది బజార్ల దొరకది సారూ, కొయ్యాలె. ఈఎన్ ఎయిట్ గట్టి ఉక్కు ముక్కల కోస్తె మంచిగుంటది, మెత్తటి ఇనుంల కోస్తె మల్ల ఇట్లనే అయితది" అన్నాడు. రెండు నట్లు చేయడానికి, ఇరుసు త్రెడ్ సరిచేయడానికి కలిపి రూ. 900 చెప్పాడు, చక్రం కూడా అక్కడే వదిలి రమ్మన్నాడు. జనవరి 4న వెళితే వేరే కంపెనీ పని మీద ఉన్నాడు. 10న ఫోను చేస్తే పండుగకు ఊరికి బయలుదేరాడు.

సంక్రాంతికి నగరం ఖాళీ అయింది. జనవరి 14న మల్కాజిగిరి నుంచి ట్యాంక్‌బండ్ దాకా రోడ్లు సైకిలు కోసమే వదిలినట్లు ఉన్నాయి; నా సైకిలుకేమో వెనుక చక్రం లేదు. ఆ మూడు రోజులు నాకు కలిగిన అసహనం మోచేయి నొప్పి కంటే ఎక్కువ.

జనవరి 18, శనివారం సాయంత్రం చక్రం చేతికి వచ్చింది. ఆయన చేసిన నట్టు ఇరుసు మీద వేలితో తిప్పితే ఎక్కడా ఆగకుండా వెళ్లింది. కాని మరో చిక్కు ఉంది. ఎడమవైపు ఇరుసు ఫ్రేము గాడి దాటి 19 మిల్లీమీటర్లే బయటికి ఉంది. గొలుసు బిగింపు కోసం ఉండే పలక 4, వాషరు 2, పెగ్గు అడుగు 6 మిల్లీమీటర్లు పోతే నట్టుకు మిగిలింది 7; నట్టు మందం 10. పూర్తిగా ఎక్కని నట్టు మీద ఒంటి బరువు వేసి జారడం ప్రాణంతో చెలగాటమే. గంటసేపు కూర్చొని ఆలోచించి, విద్యార్థికి ఫోను చేస్తే, ఆ పలకను, వాషరును తీసేయమన్నాడు. పెగ్గు అడుగే వాషరు పని చేస్తుంది, చక్రాన్ని వెనక్కి లాగి గట్టిగా బిగిస్తే గొలుసు నిలుస్తుంది. అలా చేస్తే నట్టు నిండా ఎక్కి, ఇంకా మూడు మిల్లీమీటర్ల ఇరుసు కనిపించింది. పెగ్గు ఎంచుకొనే ముందు తమ సైకిలు ఇరుసు ఎంత బయటికి ఉందో కొలవమని అందుకే చెబుతున్నాను; కొన్నింటికి పొడవైన ఇరుసు కొనక తప్పదు.

జనవరి 19, ఆదివారం. ఆరున్నరకు గట్టు దగ్గర ఉన్నాను. చిన్నాయన కూడా టీ గ్లాసుతో వచ్చి నిలబడ్డాడు. మొదటి నాలుగుసార్లు వెనుక పెగ్గు మాత్రమే అంచుకు తగిలింది, ముందుది గాలిలోనే ఉంది. ఐదోసారి గట్టుకు దాదాపు సమాంతరంగా వచ్చి, దూకి, కళ్లను చక్రం మీద కాకుండా గట్టు కొస మీద ఉంచాను. రెండు పెగ్గులూ ఒకేసారి పడ్డాయి. సర్రుమని ఒక శబ్దం, కాళ్ల కింద చక్రాలు లేవన్న విచిత్రమైన తేలిక. రెండు అడుగుల దూరం, అంతే. తరువాత కింద పాదం పెట్టేశాను. "గింత దానికేనారా ఇన్ని రోజులు తిరిగినవు?" అని అడిగి, చిన్నాయనే మళ్లీ, "ఇంకోసారి చేయి, చూస్త" అన్నాడు. ఆ ఉదయం ఇరవై ఆరుసార్లు ప్రయత్నించాను, తొమ్మిదిసార్లు జారాను. దిగేటప్పుడు ముందు చక్రాన్ని గట్టుకు దూరంగా కొద్దిగా తిప్పి, బరువును అటు వంచాలని తరువాతి వారానికి గాని ఒంటికి పట్టలేదు. ఇంటికి వచ్చి చూస్తే రెండు నట్లూ పావు చుట్టు వదులయ్యాయి. కొత్త పెగ్గులకు మొదటి రోజు తరువాత నట్లు మళ్లీ బిగించాలి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు.

ఫిబ్రవరి 2న వెనుక చక్రంలో ఒక స్పోక్ తెగింది. వెనుక పెగ్గు సరిగా పడకుండా హబ్ అంచు గట్టుకు కొట్టుకొంది. పెగ్గుల వైపు హబ్‌కూ స్పోకులకూ అడ్డుగా ఉండే హబ్ గార్డు కొనడం అనవసర ఖర్చని నేను వాయిదా వేశాను. స్పోకు, చక్రం సరిచేయడం రూ. 170 అయింది, వాడిన హబ్ గార్డును విద్యార్థి రూ. 500కు ఇచ్చాడు. అది ఇరుసుపై ఉన్న ఒక స్పేసరు స్థానంలో కూర్చుంటుంది కనుక చక్రం ఫ్రేము మధ్య నుంచి పక్కకు జరగలేదు. మొదట్లోనే పెగ్గులతో పాటు తెప్పించుకొని ఉంటే స్పోకు, చక్రం ఖర్చు పడేది కాదు.

ప్లాస్టిక్‌కు ఒకే శత్రువు ఉంది, అది పదునైన ఇనుము. యాంగిల్ ముగిసే చోట కొస పైకి లేచి ఉండటంతో వెనుక పెగ్గు తొడుగులో ఒక గాడి పడింది. చిన్నాయన ఆకురాయి తెచ్చి ఆ కొసను గుండ్రంగా అరగదీశాడు. చేత్తో తడిమి చూసి, "ఇగ ఏం తగలది" అన్నాడు. ఆ తరువాత కొత్త గాడి పడలేదు.

ఫిబ్రవరి 9న పదహారు అడుగులూ, యాంగిల్ మీది నుంచి గరుకు సిమెంటు మీదికి మారుతూ, ఒక్క ఊపున జారాను. మార్పు దగ్గర వేగం కొంచెం తగ్గింది గాని ఆగలేదు; ఉక్కు పెగ్గులయితే నేను మళ్లీ ఎక్స్‌రే దగ్గర ఉండేవాణ్ణి. ఎవరూ చూడలేదు. చిన్నాయన ఆ వారం ఊరికి వెళ్లాడు. సైకిలును గోడకు ఆనించి చాలాసేపు గట్టు మీద కూర్చున్నాను.

ఫిబ్రవరి 16న కాలిపర్‌తో కొలిచాను. జారే వైపు తొడుగు మందం 5.2 నుంచి 4.4 మిల్లీమీటర్లకు తగ్గి, బల్లపరుపుగా అరిగింది. కొన్న రోజున మార్కరుతో పెట్టుకున్న చుక్క ఉంది. నట్టు వదులు చేసి, ఆ చుక్క పావు వంతు పక్కకు వచ్చేలా పెగ్గును తిప్పి మళ్లీ బిగించాను. ఇలా నాలుగు వైపులా వాడితే, నా తొక్కుడుకు ఈ వేసవి దాటుతాయి. ఈ రకంలో లోపలి గొట్టం అలాగే ఉంచి తొడుగు మాత్రమే విడిగా కొనవచ్చు. హబ్ గార్డు తెప్పించుకోవలసిన ఇద్దరు కుర్రాళ్లు ఉన్నారు, ముగ్గురం కలిసి ఒకే పొట్లంగా ఆర్డరు పెట్టబోతున్నాము. ఈసారి ఎర్ర గీత గీసిన ఫోటోలు ముందే తీసి ఉంచాను.